పదకొండు లైన్ల కోసం దివిసీమ దాకా

దివిసీమ వెళ్ళొచ్చానని చెప్పగానే మా ఆఫీసులో నలుగురూ చుట్టూ చేరి, "హంసలదీవి చూశావా? సంగమంలో మునిగావా?" అని అడిగారు. చూడలేదు, మునగలేదు. పుణ్యం కోసం వెళ్తే కదా! చేసిన తప్పు దిద్దుకుందామని వెళ్ళాను. ఆ తప్పేమిటో ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో చెప్పే ఓపిక నాకు లేదు.

నేను బెజవాడలో ఒక వారపత్రికలో సబ్ ఎడిటర్ని. మూడేళ్ళుగా మా పత్రిక కొత్తరకం కథలకు పోటీలు పెడుతోంది. రాకెట్లు, యంత్రాలు, గ్రహాలు, మాయలు, మంత్రాలు, ఇంతవరకు జరగనిది ఏదైనా సరే. రష్యా వాళ్ళు మనిషిని ఆకాశంలోకి పంపిన దగ్గర్నుంచి ఈ కథలకు గిరాకీ పెరిగింది. బహుమతులు వచ్చిన పన్నెండు కథల్నీ ఒక సంపుటిగా వేద్దామని మా యజమానికి బుద్ధి పుట్టింది. కూర్చే పని నా నెత్తిన పడింది.

వారం వారం విడిగా చదివినప్పుడు దివ్యంగా ఉన్న కథలే, పన్నెండూ పక్కపక్కన పెట్టి చదివేసరికి అసలు రంగు బయటపెట్టాయి. ఏడు కథల్లో హీరో చంద్రుడి మీద దిగుతాడు. అందులో అయిదింట అక్కడొక అందగత్తె ఉంటుంది. ఆ అమ్మాయికి తెలుగు వచ్చు, అదీ గ్రాంథికం! ఇంకో కథలో యంత్రం పాడైతే హీరో దాన్ని దణ్ణం పెట్టి బాగు చేస్తాడు. బహుమతి వచ్చిందంటే కథ గొప్పదని కాదు, ఆ సాయంత్రం ముగ్గురు పెద్దమనుషులకు ఒకేసారి నచ్చిందని అర్థం. ఇది నేను ఉద్యోగంలో ఉండగా అనకూడని మాట. నిజంగా బాగున్నవి నాలుగే. ఆ నాలుగింట్లోనూ ఒకటి మిగిలిన వాటినన్నిటినీ మోసుకుపోయేటంత బాగుంది.

దాని పేరు "లాకు". రాసినావిడ నాగాయలంక అవతల ఒక చిన్న ఊళ్ళో మిషన్ బడి టీచరు, సుగుణమ్మగారు. కాలువ మీద లాకు ఉంటుంది కదా. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి నీళ్ళు దించుతారు, పడవ కిందికి దిగాక ముందు తలుపులు తెరుస్తారు. ఈవిడ కథలోని లాకులో నీళ్ళతోపాటు కాలం కూడా దిగుతుంది. అడుగు నీళ్ళు దిగితే ఏడాది వెనక్కి. ఒడ్డున కాలు పెట్టకూడదు, పడవలోంచి చూసి వచ్చెయ్యాలి. అది లాకు మనిషి పెట్టిన షరతు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఒకామె ఆ పడవ ఎక్కుతుంది. నీళ్ళు దిగుతాయి. తలుపులు కిర్రుమంటాయి. ఆమె కళ్ళు తెరుస్తుంది. అక్కడితో కథ అయిపోయింది.

అయిపోలేదు, నేను అవగొట్టాను. పేజీలు కట్టే రోజున ఆఖరి నిమిషంలో ఒక సబ్బు ప్రకటన వచ్చింది. ఫోర్‌మన్ వచ్చి, "పదకొండు లైన్లు ఎక్కువున్నాయండీ, ఏం చెయ్యమంటారు?" అన్నాడు. నేను టీ తాగుతూ ప్రూఫు మీద ఎర్రపెన్సిలుతో అడ్డంగా గీశాను. ఆ లైన్లు సరిగ్గా చదివానో లేదో కూడా గుర్తులేదు. మా పోటీలో న్యాయనిర్ణేతలు పత్రికలో అచ్చయిన కథల్నే చదువుతారు. ముగ్గురూ ఒక్కమాట మీద దీనికి మొదటి బహుమతి ఇచ్చి, "చెప్పకుండా చెప్పిన ముగింపు" అని మెచ్చుకున్నారు. అంతా సబ్బు మహిమ!

సంపుటిలో వేసుకోవడానికి అనుమతి కావాలని అందరికీ ఉత్తరాలు రాశాం. సుగుణమ్మగారి నుంచి ఒక్క కార్డు ముక్క వచ్చింది: "చివర మీరు తీసేసిన ముక్క వేస్తేనే సంతకం చేస్తాను." ఆ ముక్క నా దగ్గర లేదు. మా ప్రెస్సులో రాతప్రతిని పీలికలుగా కోసి, అచ్చక్షరాలు పేర్చే కంపోజిటర్లకు తలా ఒకటి పంచుతారు, పనయ్యాక అవి చిత్తుకాగితాల బుట్టలోకి పోతాయి. సరే, ఆవిడ దగ్గర నకలు ఉండకపోతుందా అని ధైర్యం చెప్పుకున్నాను. "ఆ కథ లేకపోతే పుస్తకమే లేదు. ఎలాగో ఒప్పించి అచ్చయినట్టే వేసేలా చూడు. దార్లోనే కదా, గుడివాడ, బందరు వాళ్ళ సంతకాలు కూడా పట్టుకురా" అని మా యజమాని రైలెక్కించాడు.

గుడివాడ

నాది పల్నాడు. మా ఊళ్ళో బిందెడు నీళ్ళ కోసం మైలు నడుస్తారు. గుడివాడ రైలు కిటికీలోంచి చూస్తే ఎటు చూసినా నీళ్ళే, నీళ్ళలో వరి, వరిలో కొంగలు. దేవుడి పంపకం మీద నాకు కోపం వచ్చింది.

మూడో బహుమతి వీరరాఘవయ్యగారిది. పదెకరాల రైతు. చంద్రమండలంలో వరి పండించే కథ రాశాడు. అందగత్తె లేని చంద్రుడి కథల్లో ఇదొకటి. అక్కడికి నీళ్ళు ఎలా వెళ్తాయి, గట్లు ఎంత ఎత్తు వెయ్యాలి అన్నీ లెక్కగా రాశాడు. హోటలుకు తీసుకెళ్ళి పెసరట్టు ఉప్మా తెప్పించాడు. పదిహేను నయాపైసలు. సర్వరు మాత్రం ఇంకా అణాల్లోనే కేకేస్తున్నాడు. పెసరట్టులో అల్లం ఎంత దట్టించారంటే నా కళ్ళు చెమర్చాయి. మా వైపు మిరపకాయ మీద ఉన్న నమ్మకం వీళ్ళకు అల్లం మీద ఉంది.

సంతకం పెడుతూ ఆయన, "అన్నీ బాగానే ఉన్నాయిగానీ, ఆ లాకు కథావిడ ఏంటండీ అట్టా చేసింది? కోతకొచ్చిన చేను వదిలేసి పోయినట్టు?" అన్నాడు.

నేను పెసరట్టు మీదకు వంగిపోయాను.

"తలుపులు తెరిచాక ఏం కనపడిందో చెప్పాలా వద్దా? ఇంత దూరం తీసుకెళ్ళి, దిగండి అంటే ఎట్టాగండీ?" అని ఆయన ఇంకోటి తెప్పించాడు. తిన్నాను. నిజం చెప్పడానికి నోరు ఖాళీ లేదు.

బందరు రైల్లో

బందరు రైల్లో నా ఎదురుగా పెడన ఆవిడ ఒకామె కూర్చుంది. అద్దకం గుడ్డల మూట ఒళ్ళో పెట్టుకుంది. నేను ప్రూఫులు తిరగేస్తుంటే, "ఏం చదువుతున్నావు బాబూ? పైకి చదవరాదూ, మేమూ వింటాం" అంది. నాకు పరీక్ష పెట్టాలనిపించింది. "లాకు" చదివాను. పెట్టెలో వాళ్ళంతా మాటలు మానేసి విన్నారు. చంద్రుడి అందగత్తెలకు ఇంత మర్యాద దొరికేది కాదు. చివరి వాక్యం చదివి కాగితం మూశాను.

"తర్వాత?" అంది ఆవిడ.

"అంతేనమ్మా."

"అంతేనా! ఆ తల్లికి ఏం కనపడింది?"

"అది మనం ఊహించుకోవాలి."

మాట నా నోట్లోంచి రావడమే ఆలస్యం, తలా ఒకటి మొదలెట్టారు. ఒక పెద్దాయన తనైతే వాళ్ళ నాన్నను చూస్తానన్నాడు. పొగచుట్ట మనిషి ఒకడు తను అమ్మేసిన జత ఎద్దుల్ని చూస్తానన్నాడు. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి ఏదో చెప్పబోయి సిగ్గుపడి ఊరుకుంది. నాకు లోపల సంతోషం వేసింది. చూశావా, కత్తిరించడమే మంచిదయింది, పెట్టెడు మందికి పెట్టెడు కథలు దొరికాయి అనుకున్నాను.

పెడన ఆవిడ మాత్రం మూట సర్దుకుని దిగబోతూ నా వంక చూసింది. "మా సంగతి కాదు బాబూ. ఆవిడ ఏం చూసింది? అది చెప్పు" అంది. రైలు కదిలాక కూడా ఆ ముఖం నా ముందునుంచి పోలేదు.

బందరు, మంగినపూడి

బందరులో రెండో బహుమతి ఒక హోమియోపతి డాక్టరుగారిది. కలల్ని మాత్రలుగా చేసి అమ్మే కథ రాశారు. అదీ బాగున్న నాలుగింట్లో ఒకటి. ఇంటికి వెళ్ళగానే పళ్ళెంలో రెండు బందరు లడ్లు పెట్టారు. నేను మా ఊరి లడ్డు అనుకుని గట్టిగా కొరికాను. వెన్నలా జారిపోయి నాలుక కరుచుకున్నాను. ఆయన నవ్వి, ఏదో తెల్లటి మాత్రలు వేసుకోమన్నారు.

"లాకు" మాట రాగానే ఆయన లేచి నిలబడ్డారు. "ఆ ముగింపు చూశాకే రెండో బహుమతితో సరిపెట్టుకున్నానండీ. అలా ఆపడానికి గుండె ఉండాలి. తలుపు తెరిచి లోపల ఏముందో చెప్పేవాళ్ళు లక్షమంది. తెరిచి ఊరుకోవడం ఆవిడకే చేతనైంది" అన్నారు.

ఇక ఉండబట్టలేక సబ్బు సంగతి చెప్పేశాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళద్దాలు తుడుచుకుని, "ఎవరితోనూ అనకండి. ఎలా జరిగినా మంచే జరిగింది. ఆవిడకు నచ్చజెప్పండి. రాసినవాళ్ళకు తమ కథ ఎక్కడ అయిపోయిందో తెలీదండీ, చదివేవాడికే తెలుస్తుంది" అన్నారు. సంతకం కూడా చక్కగా పెట్టారు.

సాయంత్రం అద్దె సైకిలు మీద మంగినపూడి వెళ్ళాను. ఇసుకలో నడుద్దామని ఆశపడితే కాలికి తగిలింది నల్లటి మట్టి. చెప్పు ఒకటి అందులో దిగబడి ఊడిపోయింది, ఎంత వెతికినా దొరకలేదు. వలలు బాగు చేసుకుంటున్న ఒకాయన, "పోనీండి బావగారూ, రెండోది కూడా ఇచ్చేసి పోండి, జతవుద్ది" అన్నాడు. అల్లుణ్ణి ఆటపట్టించినట్టు చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఉత్తికాళ్ళతో సైకిలు తొక్కుకుంటూ, డాక్టరుగారు చెప్పినట్టే చెయ్యాలని తీర్మానించుకున్నాను. తప్పు ఒప్పుకోవడం కన్నా తప్పును గొప్ప చెయ్యడం హాయి. పైగా నాకు ఆ ముగింపు నిజంగానే నచ్చింది.

దివిసీమ

మర్నాడు పొద్దున్నే, బందరులో కొన్న కొత్త చెప్పులు కరుస్తుంటే కుంటుకుంటూ బస్సెక్కాను. చల్లపల్లి మీదుగా వెళ్ళి, పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటి అవనిగడ్డ చేరాను. అక్కణ్ణుంచి ధాన్యం బస్తాలు దింపి వెనక్కి వెళ్తున్న ఒక గూటిపడవ దొరికింది. దారిలో లాకు తగిలింది. నా జన్మలో లాకులో దిగడం అదే మొదలు. అన్నిసార్లు ఆ కథ చదివాను, ప్రూఫు దిద్దాను, లాకు మాత్రం ఎప్పుడూ చూడలేదు.

వెనక తలుపులు మూసుకున్నాయి. నీళ్ళు దిగుతుంటే రెండు పక్కలా నాచు పట్టిన గోడలు పైకి లేచాయి. ఎండ పోయింది. చల్లటి తడివాసన వేసింది. ముందు తలుపులు కదులుతుంటే పిచ్చివాడిలా కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే, నీళ్ళలో రెండు గేదెలు, ఒడ్డున వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్న ఒక మనిషి కనిపించారు. అయినా నాకు చూడాలనిపించింది. అలా తలుపులు తెరిచి, చూడకుండా పొమ్మంటే నేను ఊరుకునేవాణ్ణి కాదు. డాక్టరుగారు ఈ లాకులో దిగి ఉండరు.

సుగుణమ్మగారి ఇల్లు

మధ్యాహ్నం బడి వదిలే వేళకు ఊరు చేరాను. సుగుణమ్మగారికి నలభై అయిదేళ్ళుంటాయి. తెల్లచీర, చేతివేళ్ళకు సుద్ద. భర్త పోయి చాలా ఏళ్ళయిందట. వసారాలో నులకమంచం మీద అత్తగారు పడుకుని ఉంది, పేరు రాహేలమ్మ. కళ్ళు కనపడవు.

నేనెవరో చెప్పగానే సుగుణమ్మగారి ముఖం వెలిగిపోయింది. నాకు అక్కడే సగం ప్రాణం పోయింది. "ముందు భోజనం చెయ్యండి. మా ఇంట్లో తింటారా అండీ? లేకపోతే కరణంగారింట్లో చెప్పిస్తాను" అంది. ఆ ప్రశ్నకు నాకు చుర్రుమంది. కాసేపటికి, ఆవిడ చేత ఆ ప్రశ్న అలవాటుగా అడిగించింది మావంటి వాళ్ళేనని తట్టి, సిగ్గేసింది. తింటానన్నాను. మట్టగిడస పులుసు పెట్టింది. చింతపండు మా ఇంటికన్నా తక్కువ, చేప రుచి ఎక్కువ. మూడుసార్లు వడ్డించుకున్నాను.

"ఎవురే వచ్చింది?" అంది మంచం మీదనుంచి పెద్దావిడ.

"పత్రికాయన, అత్తయ్యా."

పెద్దావిడ గోడవైపు తిరిగి ఏదో సన్నగా పాడినట్టు చెప్పుకోవడం మొదలెట్టింది.

"కీర్తనలండి. చదువు రాదు. చిన్నప్పుడు మిషన్ దొరసానిగారు నోటితో చెప్పించేవారట. ఒక్కసారి వింటే చాలు, ఒక్క మాట పొల్లుపోదు. ఎన్ని వచ్చో మాకే తెలీదు" అంది సుగుణమ్మగారు. చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "తెచ్చారా అండీ?"

"ఏమిటండీ?"

"ఆ చివరి ముక్క."

"మీ దగ్గర నకలు ఉంటుంది కదా అని..."

"నా దగ్గరెందుకుంటుందండీ? మీకు పంపేశాను కదా. ఆఫీసన్నాక కాయితాలు దాస్తారు కదా. మా బడిలో ముప్ఫై ఏళ్ళ రిజిస్టర్లు పెట్టెలో ఉన్నాయి."

ఆవిడ నా దగ్గర ఉందనుకుంది, నేను ఆవిడ దగ్గర ఉందనుకున్నాను. ఇద్దరి మధ్యా ఆ పదకొండు లైన్లూ చిత్తుకాగితాల్లో కలిసిపోయాయి. సబ్బు సంగతి, టీ సంగతి, ఎర్రపెన్సిలు సంగతి అన్నీ చెప్పేశాను. చెప్పి, సిగ్గు లేక, డాక్టరుగారి మాట కూడా ఎత్తాను: "అయినా ఆ ముగింపే బాగుందని పెద్దలంతా అన్నారండి."

"బాగుండొచ్చండి" అంది ఆవిడ మెల్లగా. "నేను బాగుండాలని రాయలేదండీ. మా విమలని ఒకసారి చూద్దామని రాశాను."

విమల ఆవిడ కూతురు. తొమ్మిదో ఏట జ్వరమొచ్చి పోయింది. ఆరేళ్ళయింది.

"ఫొటో కూడా లేదండీ. పెద్దదయ్యాక తీయిద్దాంలే అనుకున్నాం. పోయాక ఈ ఇంట్లో దాని పేరెవరం ఎత్తలేదు. అత్తయ్య అసలే ఎత్తరు. ఆ రోజు కూర్చుని రాస్తుంటే అదే వచ్చి మాట్లాడినట్టు మాట్లాడింది. మీ పత్రికలో చూసుకుంటే లేదు. మళ్ళీ రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో! రాస్తే అది మాట్లాడినట్టుండదు, నేను మాట్లాడినట్టుంటుంది."

అనుమతి కాగితం ఆవిడ మడిచి నా వైపు జరిపింది. "మీరు తప్పు ఒప్పుకున్నారు, బాధపడకండి. సంతకం మాత్రం పెట్టలేనండీ. తలుపు తీసి అది లేదని చెప్పినట్టుంటుంది, పుస్తకంలో."

పుస్తకం పోయిందనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన పుస్తకం మీద దిగులు లేదు. ఒక పిల్లను రెండోసారి పోగొట్టినవాణ్ణి నేనే అనిపించింది. లేవబోయాను.

మంచం మీద కీర్తన ఆగింది. గోడవైపు తిరిగే, అదే రాగంలో, పెద్దావిడ మొదలెట్టింది:

"తలుపుల అవతల రేవు మెట్ల మీద ఒక పిల్ల కూర్చుని పలక కడుగుతోంది. ఒక జడ ఊడిపోయింది. రిబ్బను నోట్లో పెట్టుకుంది..."

సుగుణమ్మగారు గోడ పట్టుకుంది. నేను జేబులోంచి పెన్సిలు తీశాను. చేతికొచ్చింది ఎర్రదే. అనుమతి కాగితం వెనకే రాసుకుంటూ పోయాను.

"పడవ చప్పుడుకి పిల్ల తలెత్తింది. 'అమ్మా, ఇవాళ కూరేంటి?' అంది రిబ్బను తియ్యకుండానే. ఒడ్డు దిగకూడదని లాకు మనిషి చెప్పాడు. మాట్లాడకూడదని చెప్పలేదు. 'తోటకూర' అంది తల్లి. 'మళ్ళీ తోటకూరేనా!' అని పిల్ల మూతి తిప్పుకుని పలక కడుక్కోవడంలో పడింది. ముందు తలుపులు మూసుకోవడం మొదలైంది. 'రేపు చేప వండుతాలే' అని తల్లి సందులోంచి కేకేసింది. పిల్ల తలెత్తకుండా చెయ్యి ఊపింది."

పెద్దావిడ ఆగింది. "చదువు నాయనా, ఏం రాశావో" అంది. చదివాను. "కడుగుతుంది కాదు, కడుగుతోంది. దిద్దు" అంది. దిద్దాను. నా ఉద్యోగంలో నన్ను ఇంత నిక్కచ్చిగా దిద్దినవాళ్ళు లేరు.

ఇప్పుడు పుస్తకంలో ఉన్నది ఆ మాటలే, ఒక్క అక్షరం మారలేదు. మా యజమాని మూడు రోజులు గొణిగి ఊరుకున్నాడు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన, ముగింపు పాడైందని ఉత్తరం రాశారు. పాడైందేమో. కథల నాణ్యం గురించి పదిహేనేళ్ళుగా తీర్పులు చెబుతున్న నాకు, ఆ పదకొండు లైన్ల మీద తీర్పు చెప్పే నోరు లేదు. పెడన ఆవిడకు ఒక ప్రతి పంపుదామంటే పేరు అడగలేదు, నా మతి మండ!

ఆ మధ్యాహ్నం సుగుణమ్మగారు సంతకం చేశాక కలం నా చేతికివ్వడం మర్చిపోయి, అలాగే పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళి కింద కూర్చుంది. "పైకి చదువుకుంటూ రాయడం బడి అలవాటు అత్తయ్యా. నువ్వు నిద్దరోయావనుకున్నాను" అంది.

పెద్దావిడ తడుముకుని కోడలి తల మీద చెయ్యి వేసింది.

"నిద్దరెట్టా పడద్దే, పిల్ల మాట్టాడతా ఉంటే" అంది.